చెప్పిన ధరకే ఇవ్వు

అక్క తన సంచిని చెల్లెలి బల్ల మీద బోర్లించింది. నూనె డబ్బా, పాలపొడి, పంచదార, గోధుమపిండి, రెండు సబ్బులు. ఒక సబ్బు జారుకుంటూ వెళ్ళి కీబోర్డు మీద ఆగింది. కంప్యూటరు తెర మీద ఏడు అంకె ఆగకుండా వరసగా పడుతూ పోయింది.

ఆఫీసంతా తలలు తిప్పింది. ఓడల మరమ్మతు యార్డులో క్రేను నడిపే మనిషి, నీలం చొక్కాతో, గ్రీజు చేతులతో, ధరల సర్వే కంపెనీలోకి నేరుగా నడిచి రావడం అక్కడెవరూ ఎరగరు.

“ఇవన్నీ కలిపి ఎంతవుతాయి?” అంది అక్క.

“అక్కా, ఇది ఆఫీసు.”

“తెలుసు. ధరల ఆఫీసు. అందుకే వచ్చా. ఎంతవుతాయో చెప్పు.”

చెల్లెలు సబ్బు తీసి పక్కన పెట్టింది. తనూ ఇదే ఊళ్ళో కొనుక్కుని తింటోంది కాబట్టి లెక్క వెతుక్కోనక్కర్లేదు. “ఆరు వందల దాకా.”

“మీ కంపెనీ రిపోర్టులో మూడు వందల అరవై. పొద్దున మా గేటుకి అంటించారు. కింద మీ ముద్ర, సర్వే చేయించింది నువ్వేనని నీ హోదా కూడా ఉంది. ఆ ధరకి ఇవే సరుకులు కొనిపెట్టు. ఇక్కడే కూర్చుంటా.”

కుర్చీ లాక్కుని నిజంగానే కూర్చుంది.

“మీ గేటుకి మా రిపోర్టు ఎందుకు అంటించారు?” అంది చెల్లెలు.

“నాటకాలాడకు.”

“నిజంగా తెలీదక్కా. దేశాల మధ్య ధరల పోలిక అన్నారు. బ్యాంకులు చదువుకుంటాయన్నారు.”

అక్క ఆమె మొహంలోకి కాసేపు చూసింది. అబద్ధం చెప్తే ఈ పిల్లకి చిన్నప్పటి నుంచీ చెవులు ఎర్రబడతాయి. ఇప్పుడు ఎర్రబడలేదు. అది చూసి అక్కకి కోపం తగ్గలేదు, ఎవరి మీదన్నది మారిందంతే.

యార్డు యజమానికి రెండు యార్డులున్నాయి. ఒకటి ఇక్కడ, ఒకటి సముద్రం అవతలి దేశంలో. అవే ఓడలు, అవే క్రేన్లు, అదే పని. జీతం మాత్రం వాళ్ళకి వందైతే వీళ్ళకి తొంభై. ఆ పదీ ఎందుకు తక్కువని వీళ్ళు అడగబోతే యజమాని ఎదురు తిరిగాడు. అంకె కాదు, ఆ అంకెతో ఏమొస్తుందో చూద్దాం అన్నాడు. రెండు ఊళ్ళలోనూ ఒకే రకం సరుకుల బుట్ట తీసుకుని ధర కడదాం. అక్కడ వందకి వచ్చే బుట్ట ఇక్కడ ఎంతకొస్తే మీ జీతం అంత. సమాన కొనుగోలు శక్తి, సమాన జీతం. వినడానికి ఎంత న్యాయంగా ఉందంటే యూనియన్ చప్పట్లు కొట్టి మరీ ఒప్పుకుంది. బుట్ట తూచే పని ఈ కంపెనీకి వచ్చింది. ఇక్కడ బుట్ట అరవై అని తేలింది.

“మూడో వంతు జీతం పోతుంది,” అంది అక్క. “నాలుగింటికి సంతకాలు. ఒకసారి పెడితే అయిదేళ్ళు కదలదు. గొలుసు కింద చెయ్యి నలిగి మీ బావ ఇంట్లో కూర్చున్నాడు. మా ఇంటికి వచ్చేది నా ఒక్కదాని జీతమే. నువ్వేమో నేను చవగ్గా బతుకుతున్నానని లోకానికి చాటింపు వేయించావు.”

చెల్లెలు లేచింది. సరుకులన్నీ సంచిలో వేసి అక్క చేతికిచ్చి, డైరెక్టరు గది తలుపు తట్టకుండానే తోసింది.

డైరెక్టరుకి ఆఫీసులో ‘సగటు’ అని పేరు. ఏది అడిగినా సగటున సర్దుకుంటుంది అంటాడు. ఏటి లోతు సగటున మోకాలే అని చెప్పి మనల్ని దింపి, తను మాత్రం గట్టునే ఉండే మనిషి.

“యార్డు జీతాల కోసమని నాకెందుకు చెప్పలేదు?” అంది చెల్లెలు.

“చెప్తే నువ్వు ఇలా వచ్చేదానివి కదమ్మా.” ఆయన గొంతు మెత్తగానే ఉంది. “మీ బంధువులు అక్కడ పనిచేస్తారు. సర్వే మీద ఆ ప్రభావం పడకూడదు.”

“జాకెట్లు మీరే వేయించారు. నేను వద్దన్నాను.”

అసలు సంగతి అదే. ఇలాంటి సర్వేకి ఒక పద్ధతుంది. మామూలు కొనుక్కునేవాడిలా కొట్టుకెళ్ళాలి, నడుమ నడుమ నిజంగా కొనాలి. సగటు వచ్చీ రాగానే ఆ కొనే ఖర్చు దండగ అని కొట్టేశాడు. బదులుగా అందరికీ నారింజ రంగు జాకెట్లు, మెడలో కార్డులు ఇచ్చాడు. ఈ ఊళ్ళో నారింజ జాకెట్టు వేసుకుని కొట్లోకొచ్చి ధర అడిగేది ఒక్క ధరల నియంత్రణ శాఖ వాళ్ళే. నూనె, పంచదార, పిండి, పాలపొడి లాంటి వాటికి ప్రభుత్వం గరిష్ఠ ధర కట్టి, ప్రతి కొట్లోనూ బోర్డు పెట్టించింది. ఆ ధరకి సరుకు ఎవడూ అమ్మడు, ఎవడికీ దొరకదు. కానీ నారింజ రంగు కనపడగానే కొట్టువాడు బోర్డు చూసి ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్తాడు. సర్వేవాళ్ళు అది రాసుకొచ్చారు.

“బోర్డు మీద ప్రభుత్వం రాసింది అదే,” అన్నాడు సగటు. “కొట్టువాడు నోటితో చెప్పిందీ అదే. రెండూ కలిసినప్పుడు తప్పెక్కడుంది?”

“నా కంచంలో ఉంది,” అంది అక్క గుమ్మం దగ్గర్నుంచి.

“మీరెవరు?”

“మీ బుట్ట మోసేదాన్ని.”

సగటు నవ్వాడు. “చూడమ్మా, మీరు ఎక్కువ ధరకి కొన్నామంటున్నారు. ఒక్క బిల్లు పట్రండి. నేనే దిద్దుతాను. బిల్లు లేని ధర ధర కాదు, పుకారు.”

బిల్లు ఉండదని ఆయనకి తెలుసు. చెల్లెలికి తెలుసు. అక్కకి అందరికంటే బాగా తెలుసు. అయినా ఇద్దరూ మార్కెట్టు వీధికి పరుగుతీశారు.

గుండు బాబాయి కొట్టు వీధి మొదట్లోనే. ఆయన ఎవరికీ బాబాయి కాడు, అందరికీ బాబాయే. యార్డులో సగం మంది ఆయన నూనె తిని పెరిగినవాళ్ళే.

“బిల్లా?” అన్నాడు బాబాయి. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “తల్లీ, నూనెకి నూట ఇరవై అని బోర్డు ధర పెట్టుకుని రెండు వందలకి అమ్మానని నా చేత్తో నేనే రాసివ్వాలా? దానికంటే సంకెళ్ళు నేనే కొనుక్కుని వేసుకుంటే ఖర్చన్నా కలిసొస్తుంది.”

“మా జీతాలు పోతున్నాయి బాబాయ్.”

“నా కొట్టు పోతుంది. మీ జీతానికి నేను జైలు కెళ్ళాలా?”

“రెండు వందలు గుంజినప్పుడు ఆ భయం ఏమైంది?” అక్క గొంతు లేచింది. “నారింజ జాకెట్టు చూస్తే నూట ఇరవై, నీలం చొక్కా చూస్తే రెండు వందలు. ఏ ఎండకా గొడుగు పట్టావు. ఇప్పుడు ఆ ఎండంతా మా నెత్తిన పడుతోంది.”

“నేను కొనేదే నూట ఎనభైకి. బోర్డు ధరకి అమ్మితే ఈ చొక్కా కూడా అమ్ముకోవాలి. ఈ వీధిలో ఎవడిస్తాడు ఆ ధరకి? జాకెట్లవాళ్ళు అడిగారు కాబట్టి చెప్పాం. చెప్పడానికి డబ్బులవుతాయా? వాళ్ళు ఒక్కటంటే ఒక్కటి కొన్నారా? కొంటామని అనుంటే ఏ కొట్లోనూ స్టాకుండేది కాదు.”

అక్క మళ్ళీ నోరు తెరిచింది. చెల్లెలు ఆమె చెయ్యి పట్టుకుని లాగింది.

“పద.”

“నన్ను మాట్లాడనీ.”

“బిల్లు అక్కర్లేదక్కా. పద.”

దారిలో చెప్పింది. ఎక్కువ ధర ఉందని రుజువు చేయలేరు, నిజమే. కానీ తక్కువ ధర లేదని చేయచ్చు. సర్వే నియమం ప్రకారం, చెప్పిన ధరకి సరుకు దొరక్కపోతే ఆ ధర రాయకూడదు, పట్టికలో ఆ వరస కొట్టేయాలి. తిండి సరుకుల్లో సగానికి పైగా వరసలు పోతే పోలికే చెల్లదు. పోలిక చెల్లకపోతే పాత జీతం నిలుస్తుంది.

“మీ ఒప్పందంలో తనిఖీ అడిగే హక్కుందా?”

“ఉంది. సంతకానికి ముందు ఏ పక్షమైనా అడగచ్చు. సగం మంది చదవకుండానే చప్పట్లు కొట్టారు గానీ, నేను చదివాను.” అక్క వేగం పెంచింది. “కొట్లో చెప్పిన ధరకే ఇవ్వు అంటే చాలన్నమాట.”

“చాలు.”

“ఒక్కదాన్ని అడిగితే ఒక డబ్బా పారేసి నోరు మూయిస్తారు. మా షిఫ్టు మొత్తాన్ని తెస్తాను.”

యార్డు సమావేశం గదిలో పొడవాటి బల్ల, దాని మీద కాగితాలు, కలాలు అన్నీ సిద్ధంగా ఉన్నాయి. మధ్యవర్తి అప్పుడే కళ్ళజోడు తుడుచుకుంటోంది. రెండు పక్షాలూ కలిసి మూడో దేశం నుంచి పిలిపించుకున్న రిటైరైన జడ్జి ఆమె. ఈ భాష నేర్చుకుని మాట్లాడుతుంది, అచ్చు పుస్తకం చదివినట్టు. సగటు ఆమె పక్కన కూర్చుని ఏదో చెప్తున్నాడు. అక్కని చూసి ఆపేశాడు.

“క్రేను సెక్షను తరఫున తనిఖీ అడుగుతున్నాను మేడమ్,” అంది అక్క. “వీళ్ళు రాసిన ధరకి సరుకు కొనాలి. వీధి ఇక్కడే ఉంది. వీళ్ళు సర్వేకి ఎలా వచ్చారో అలాగే రావాలి, జాకెట్లతో.”

“ఆలస్యం చేసే ఎత్తుగడ ఇది,” అన్నాడు సగటు.

“ఆలస్యం వలన ధరలు మారవు కదా,” అంది మధ్యవర్తి, లేస్తూ. “పదండి.”

వీధిలోకి అడుగుపెట్టేసరికి ముందు నారింజ జాకెట్లు వేసుకున్న సగటు, చెల్లెలు, ఇద్దరు సర్వేవాళ్ళు. పక్కన మధ్యవర్తి. వెనక నీలం చొక్కాల షిఫ్టు మొత్తం. ఎవరూ నినాదాలివ్వలేదు. వరసలో నిలబడమని అక్క ముందే చెప్పింది. అరిస్తే ధర్నా అంటారు, వరసలో నిలబడితే కొనడానికొచ్చారంటారు.

గుండు బాబాయి ఆ రంగు చూసి లేచి నిలబడ్డాడు.

“లీటరు నూనె ఎంత?” అన్నాడు సగటు.

“నూట ఇరవయ్యండి.” బోర్డు వైపు వేలు కూడా చూపించాడు.

సగటు మధ్యవర్తి వైపు తిరిగాడు, చూశారా అన్నట్టు.

అక్క నూట ఇరవై లెక్కపెట్టి బల్ల మీద పెట్టింది. “ఒకటివ్వు.”

బాబాయి డబ్బు వైపు చూశాడు. వెనక అరలో డబ్బాలు వరసగా కనపడుతూనే ఉన్నాయి. లేదంటే సరుకు దాచాడన్న నేరం. ఇస్తే నష్టం. మింగలేక కక్కలేక ఒక డబ్బా తీసి ఇచ్చాడు. ఆ చూపులో మంట అక్కకి బుగ్గ మీద తగిలింది.

“ఇచ్చాడు,” అన్నాడు సగటు. “అమ్మకం జరిగింది. ఇక వెళ్దామా?”

“ఇంకా వరస ఉంది,” అంది మధ్యవర్తి.

వెనకున్న వెల్డరు ముందుకొచ్చి నూట ఇరవై పెట్టాడు. బాబాయి రెండో డబ్బా ఇచ్చాడు. మూడోది ఇచ్చే ముందు డబ్బు రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు. నాలుగోది బల్ల మీద టక్కున కొట్టినట్టు పెట్టాడు. అయిదో మనిషి, ఆరో మనిషి, వీధి మలుపు దాకా నీలం చొక్కాలు కనిపించాయి.

“నాన్నా,” అన్నాడు బాబాయి, అయిదో వాడితో, “మీ నాన్న పెళ్ళికి నూనె ఇచ్చింది నేనే.”

“బోర్డు ధరకా బాబాయ్?”

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. బాబాయి నవ్వలేదు. అరలో మిగిలిన డబ్బాలకి అడ్డంగా నిలబడి, “అవన్నీ ముందే డబ్బు కట్టినవాళ్ళవి,” అన్నాడు. “స్టాకు అయిపోయింది.”

షట్టరు లాగేశాడు.

ఆ చప్పుడు పక్క కొట్టు విన్నది. పక్క కొట్టువాడు తల బయటపెట్టి నారింజ రంగు చూశాడు, దాని వెనక డబ్బు చేతిలో పట్టుకున్న నీలం వరస చూశాడు. పంచదార ఎంతని అడిగే లోపే అతని షట్టరు సగం దిగింది. పిండి కొట్టు దిగింది. పాలపొడి అమ్మే మందుల షాపువాడు భోజనం వేళ అన్నాడు, సాయంత్రం అవుతుండగా. షట్టర్లు ఒకదాని వెనక ఒకటి, ఒకడు తుమ్మితే వీధంతా తుమ్మినట్టు, గరగరమని దిగుతూ పోయాయి. వాళ్ళు నడుస్తున్న కొద్దీ ముందున్న వీధి మూసుకుపోయింది. చివరికి తెరిచి ఉన్నవి చెప్పులు కుట్టే దుకాణం, తాళంచెవులు చేసేవాడి బల్ల. ఆ రెండింటికీ బోర్డు ధర లేదు.

“ఇది కావాలని చేయించిన గొడవ,” అన్నాడు సగటు. మెత్తని గొంతు ఎక్కడో జారిపోయింది. “ఇది బెదిరింపు.”

“ఎవర్ని బెదిరించాం?” అంది అక్క. “చెప్పిన ధర చేతిలో పట్టుకుని నిలబడ్డాం. కొనుగోలు శక్తి, కొనుగోలు శక్తి అని మాకు క్లాసు పీకారుగా. కొనండి మరి.”

“నాలుగు డబ్బాలు అమ్మారు. అది నమోదు చేయాలి.”

“అయితే అయిదవది మీరు కొనండి,” అంది మధ్యవర్తి.

సగటు ఆమె వైపు చూశాడు. ఆమె తమాషాకి అనలేదు. పర్సు తీసి, అందరూ వెంట రాగా వీధి మొదటికి వచ్చి బాబాయి షట్టరు తట్టాడు. మళ్ళీ తట్టాడు. “తెరవండి. కొనడానికే వచ్చాను. నూట ఇరవై ఇస్తాను.”

లోపల్నుంచి బాబాయి గొంతు వచ్చింది. “ఎవరూ లేరండీ.”

ఈసారి వరసంతా నవ్వింది. చెల్లెలు నవ్వలేదు. ఆమె నారింజ జాకెట్టు జిప్పు లాగి, విప్పి, మడిచి సగటు చేతిలో పెట్టింది.

“వరసలు కొట్టేయండి,” అంది. “నూనె, పంచదార, పిండి, పాలపొడి. అన్నీ. నియమం మీకు తెలుసు.”

“నీకు ఇక పనిలేదు,” అన్నాడు సగటు, నెమ్మదిగా, ఆమెకే వినపడేలా. “ఇక్కడే కాదు, ఏ సర్వేలోనూ ఉండదు. నేను చూస్తాను.”

“సగటున చూడండి,” అంది చెల్లెలు.

మధ్యవర్తి వీధి మధ్యలోనే నిలబడి చెప్పింది. పోలిక చెల్లదు. అరవై చెల్లదు. కొత్త సర్వే జరిగేదాకా తొంభై నిలుస్తుంది. ఆ సర్వేలో జాకెట్లుండవు, కొనకుండా రాసిన ధర ఉండదు. షిఫ్టు వాళ్ళు ఒకళ్ళ వీపులొకళ్ళు చరుచుకున్నారు. సగటు జాకెట్లు చంకలో పెట్టుకుని యార్డు మేనేజరుకి ఫోను చేసుకుంటూ వెళ్ళిపోయాడు.

మధ్యవర్తి అక్కని పక్కకి పిలిచింది.

“మీకు రావలసినది తొంభై కంటే ఎక్కువే అని నా అనుమానం,” అంది. “అసలు ధరలు నాకు సాక్ష్యంగా చెప్పండి. ఏ కొట్టు, ఎంత. మీ సంతకం, దుకాణదారుని పేరు. అది ఉంటే మీకు నూరు కూడా ఇప్పించగలను. ఈ దినమే.”

అక్క చూపు దించింది. పక్కన బాబాయి షట్టరు కింద, వేలెడు సందులో రెండు చెప్పుల నీడ ఉంది. కదలడం లేదు.

నూరు. చేతివేళ్ళు ముడుచుకోని మొగుడు, గ్యాసు తగ్గించి తగ్గించి వంట చేసే మొగుడు. అవతలి దేశంలో తనలాంటి ఒక ఆడది అదే క్రేను ఎక్కి తెచ్చుకునే నూరు. ఒక్క పేరు చెప్తే చాలు. ఆ పేరు మీద తనకి జాలి కూడా లేదు.

“నాకు తెలీదు మేడమ్,” అంది. “మా ఆయనే కొంటాడు.”

మధ్యవర్తి కళ్ళజోడు మీదుగా చూసింది. నమ్మలేదు. ఇంకోసారి అడగలేదు కూడా. యార్డు వైపు నడిచింది.

చెల్లెలు పక్కకి వచ్చింది. “ఎందుకు చెప్పలేదు? నా ఉద్యోగం ఊడింది దీనికోసం. నూరు నోటి దాకా వచ్చింది.”

“చెప్తే ఈ వీధిలో రేపు నాకు నూనె ఎవడిస్తాడు? మీ సగటా?” అక్క కసిరింది. “వీడిని లోపలేస్తే ఇంకొకడు కూర్చుంటాడు. వాడు రెండు వందల యాభై అంటాడు. బోర్డు మాత్రం నూట ఇరవై అనే ఉంటుంది. ఆ బోర్డు రాసినవాడిని ఎవడూ వరసలో నిలబెట్టడు.”

షట్టరు జానెడు లేచింది. బాబాయి మొహం అడ్డంగా కనిపించింది.

“వాళ్ళు పోయారా?”

“పోయారు.”

“నాలుగు డబ్బాల నష్టం నాది. గుర్తుపెట్టుకో. రేపట్నుంచి మీ షిఫ్టుకి రెండు వందల పది.”

చెల్లెలు నోరు తెరుచుకుని చూసింది. ఈయనకి జైలు తప్పించిన మాట అక్క అని ఇంకా నిమిషం కాలేదు.

అక్క వంగి, ఆ జానెడు సందులోకి మొహం పెట్టింది.

“నిన్ను కాపాడానని అనుకుంటున్నావేమో. కాపాడలేదు. నిన్ను తీసేస్తే ఆ చోట ఇంకా పెద్ద దొంగ వస్తాడని ఊరుకున్నా. రెండు వందలు. దాని మీద ఒక్క పైసా పెరిగినా ఆ జడ్జిగారు బస చేసిన హోటలు నాకు తెలుసు. ఎల్లుండిదాకా ఇక్కడే ఉంటుంది.”

లోపల బాబాయి వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకున్నాడు.

“రెండు వందలే,” అన్నాడు బాబాయి.

“గట్టిగా.”

“రెండు వందలేనమ్మా.”

అక్క లేచి మోకాళ్ళు దులుపుకుంది. కోపం ఇంకా పోలేదు. ఎవరి మీదని అడిగితే వరసగా చెప్పగలదు, ఆ వరస ఈ వీధి కంటే పొడుగు. యార్డు సైరను మోగింది. ఆమె హెల్మెట్టు పెట్టుకుని, చెల్లెలి భుజం మీద ఒక్క చరుపు చరిచింది. ప్రేమో తిట్టో తెలీనంత గట్టిగా.

“ఇంటికి పో. మీ బావకి చెప్పు, తొంభై నిలిచిందని. నీ సంగతి కూడా నువ్వే చెప్పు, నేను చెప్తే అరుస్తాను.”